గుంపుల మాస్టారు

గుంపుల మాస్టారికి ఒంటరి జంతువంటే లెక్కలేదు. జూలో ఒక్క సింహం ఎదురైతే పక్కకు తప్పుకుపోతారు. దానికి మరో మూడు తోడవ్వాలి. అప్పుడు కళ్లజోడు సవరించుకుని, "ప్రైడ్ ఆఫ్ లయన్స్" అని, టిక్కెట్టు డబ్బులు గిట్టినట్టు తలాడిస్తారు. గుడ్లగూబలు చేరితే పార్లమెంటు, చేపలైతే స్కూలు, ఖడ్గమృగాలైతే క్రాష్. గోదావరి జిల్లాల్లో ఖడ్గమృగాలు ఎక్కడివని అడక్కండి. వస్తే పిలవడానికి ఒకరుండాలి కదా!

కోచింగ్ సెంటరున్న ప్రతి ఊళ్లోనూ ఈయన ఒకరుంటారు. గ్రూప్స్‌కి చదివే పిల్లలకి గ్రూపుల పేర్లు రాకపోతే ఎలాగన్నది ఆయన వాదన. "ఇది పరీక్షలో వస్తుందా సార్?" అన్న కుర్రాడు ఆ పూటంతా నిలబడే పాఠం విన్నాడు. చివరి ఓవర్లో ఇల్లంతా గోళ్లు కొరుక్కుంటుంటే, ఇండియా 'ఈజ్' అనాలా, 'ఆర్' అనాలా అన్న చర్చ తీస్తారు. బ్రిటిష్ వాళ్లు టీముకి 'ఆర్' అంటారు, అమెరికా వాళ్లు 'ఈజ్' అంటారు. ఈలోగా వికెట్ పడుతుంది.

రాజమండ్రి కోటిలింగాల ఘాట్‌లో తెలిసినాయన పదో రోజుకి వెళ్లారు. పిండం పెట్టి అరగంటయింది. కాకులు గట్టు మీద వాలాయి గానీ ముట్టవు. పోయినాయనకి ఏ కోరిక మిగిలిపోయిందోనని, చిన్నమ్మాయి పెళ్లి చేస్తామని ఒకరు, పొలం అమ్మమని ఒకరు మాటిస్తున్నారు. మాస్టారి చూపు కాకుల మీద పడింది. మొహం వెలిగిపోయింది.

"మర్డర్!" అన్నారు.

అందరూ తిరిగి చూశారు. పొలం తగాదాలో ఉన్న తమ్ముడు అన్నవైపు చూశాడు.

"మా నాన్నది గుండెపోటండీ," అన్నాడు అన్న, గొంతు తడారిపోయి.

"అది కాదు నాయనా. కాకుల గుంపుని ఇంగ్లీషులో మర్డర్ ఆఫ్ క్రోస్ అంటారు," అంటూ చెయ్యెత్తి చూపించారు. ఆ చేతికి కాకులన్నీ లేచిపోయాయి. బ్రహ్మగారు ఏమన్నారో ఇక్కడ రాయను.

ఇలాంటి పేర్లలో చాలావాటిని ప్రచారంలోకి తెచ్చింది ఇంగ్లండులోని సెయింట్ ఆల్బన్స్‌లో 1486లో అచ్చయిన పుస్తకం. డేగవేట, జంతువుల వేట, వంశచిహ్నాల సంగతులున్న పుస్తకమది. అందులో ఈ పేర్లది, పెద్దింటి బిడ్డలు నలుగురిలో నోరు జారకుండా నేర్చుకోవలసిన జాబితా. రాసినవారు మధ్యలో కొంటెతనానికి దిగారు. జడ్జీల గుంపుకి సెంటెన్స్ అన్నారు. సన్యాసినులకి సూపర్‌ఫ్లూయిటీ, అంటే అక్కర్లేనంత మంది అన్నారు. భార్యల గుంపుకి నాన్‌పేషెన్స్, ఓర్పులేనితనం. ఐదు శతాబ్దాలనాటి ఆ వేళాకోళాన్ని మాస్టారు చేత్తో బెత్తం పట్టుకుని వల్లె వేయిస్తారు. నవ్వినవాడికి ఇంపోజిషన్.

ఆ భార్యల మాట ఇంట్లోనూ చెప్పారు. "దానికి గుంపెందుకండీ, నేనొక్కదాన్ని చాలనూ?" అని ఆవిడ సంచీ చేతికిచ్చి బజారుకి పంపారు. అరటిపళ్ల కొట్టు దగ్గర మాస్టారు, "ఒక బంచ్ ఇవ్వవోయ్" అన్నారు.

"అత్తం ఇమ్మంటారా, గెల ఇమ్మంటారా?"

రెండింటికీ తేడా తెలియదని ఎలా చెప్పడం? పైగా బేరగాళ్లంతా చూస్తున్నారు. "గెలే" అన్నారు గంభీరంగా. అది ఆటోలో ఇల్లు చేరింది.

ఇప్పుడు వీధిలో ఇంటింటికీ చక్కెరకేళీలు పంచుతున్నారు. పుచ్చుకున్నవాళ్లకి ఒక్కో గుంపు పేరు ఉచితం.