స్వెట్టర్ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

తడిపి పిండకుండ తగు తుండులో చుట్టి
కొలిచి గుండుసూది గుచ్చవలయు
ఉక్కునగరమందు నుప్పుగాలాడగా
సూది తుప్పు పట్టె చూడుమమ్మ

అవతారిక: వీపు, ఛాతీ, చేతులు రెండూ అల్లడం ముగిసి సూదుల మీంచి దిగాయి. అంచులు కాల్చిన అప్పడంలా ముడుచుకుని ఉన్నాయి. వాటిని కలిపి కుట్టేముందు చదును చేసి కొలతకు తెచ్చే విధానాన్ని ఒక విశాఖ ఇల్లాలు పొరుగింటి పిల్లకు చెబుతున్న సందర్భం. నెలల తరబడి ఓపిగ్గా అల్లినవాళ్లే ఈ చివరి పూట బద్ధకిస్తారు. కవయిత్రికి వాళ్ల మీద కోపం ఉంది, బయటికి చెప్పలేదంతే.

టీక: తడిపి = గోరువెచ్చని నీళ్లలో ఓ అరగంట నానబెట్టి. ఊలు కెరటిన్ అనే మాంసకృత్తు. అందులోని హైడ్రోజన్ బంధాలు తడికి సడలి, ఆరేటప్పుడు మళ్లీ ముడిపడతాయి. కనుక తడిగా ఉండగా ఏ రూపంలో పరిస్తే ఆ రూపంలోనే ఆరుతుంది, మళ్లీ ఉతికేదాకా అలాగే నిలుస్తుంది. ఉతికినప్పుడల్లా ఈ తంతు తప్పదన్నది ధ్వని.

పిండకుండ = మెలితిప్పకుండా. ఊలు పోగు మీద సన్నని పొలుసులుంటాయి. వేడి, సబ్బు, రాపిడి ఏకమైతే అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఇక వదలవు. తాతగారి స్వెట్టరు మనవడికి సరిపోతుంది.

తగు తుండు = రంగు దిగని తుండుగుడ్డ. కొత్త ఎర్రగళ్ల తువ్వాలు 'తగు' కిందికి రాదు.

కొలిచి = టేపుతో. పద్యానికి ప్రాణం ఈ మాటే, ఇక్కడ తొందరపడకూడదు. మందపాటి దుప్పటి పరిచి, ముక్కను ముందు నిడివికి, తర్వాత వెడల్పుకు చేత్తో సర్దాలి. ఛాతీ చుట్టుకొలత 36 అంగుళాలు కావాలంటే వీపు ముక్క 18 అంగుళాలు, కుట్లలో పోయేది అదనం. రెండు చేతులూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి సరిచూడాలి, లేకపోతే ఒక చెయ్యి పొడుగవుతుంది. ఎంత లాగినా, తక్కువ వేసిన కుట్లను ఏ సూదీ పూరించలేదు. నడుం దగ్గరి సాగే పట్టీని మాత్రం ముట్టుకోరాదు. 'గుచ్చవలయు' అన్నారు కదా అని అక్కడా లాగి గుచ్చితే స్వెట్టరు గంటలా వేలాడుతుంది.

ఉక్కునగరమందు = విశాఖ ఉక్కు కర్మాగారం వారి టౌన్‌షిప్పు పేరు ఉక్కునగరమే గనుక కవయిత్రి కాపురం అక్కడేనని ఒక మతం. కాదు, విశాఖ మొత్తమని మరొకటి. ఉప్పుగాలి రెండు చోట్లా వీస్తుంది, మనం తగువులోకి దిగనక్కర్లేదు.

విశేషం: ఇది విరోధం. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కంటూ 1966లో ప్రాణాలు పోగొట్టుకుని సాధించుకున్న కర్మాగారం, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసినది. అక్కడ తీగచుట్టలూ తయారవుతాయి, గుండుసూది అంటే తీగముక్కే. అలాంటి ఊళ్లో సూది తుప్పు పట్టిందట! విరోధానికి పరిహారం ఏమంటే, ఉక్కులో క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటేనే తుప్పును ఆపే పొర ఏర్పడుతుంది. అంగట్లో దొరికే గుండుసూదికి ఉన్నది పైపూత మాత్రమే. అది ఎక్కడ లేచినా చాలు, తడి ఊలూ ఉప్పుగాలీ కలిసి మిగతా పని కానిస్తాయి. పైగా ఈ చెమటగాలిలో ముక్క ఒక పట్టాన ఆరదు, సూది తడిలో ఉండే వేళ పెరుగుతుంది.

ఆక్షేపం: విశాఖలో స్వెట్టరెందుకు? సమాధానం: డిసెంబరులో కిరండూల్ రైలెక్కి అరకులో దిగినవారు ఈ ప్రశ్న వెయ్యరు. లంబసింగి వెళ్లినవారు అసలే వెయ్యరు.

మరో ఆక్షేపం గట్టిది. బజార్లో ఊలని అమ్మేదాంట్లో చాలా భాగం యాక్రిలిక్. దానికీ పద్యం వర్తిస్తుందా? వర్తించదు. యాక్రిలిక్ నీటి మాట వినదు, ఆవిరి మాట వింటుంది. ఇస్త్రీపెట్టె తాకకుండా పైనుంచి ఆవిరి పట్టాలి. మోతాదు మించితే పోగు జవసత్వాలుడిగి జారిపోతుంది, దానికి మందు లేదు. ఇక నూలుదారంతో అల్లే నరసాపురం లేసు దారి వేరు. దాన్ని బిగువుగా నిలపాలంటే గంజి పెడతారు. ఊలుకు గంజి పెడతానన్నవారితో వాదం అనవసరం.

పాఠాంతరం: రెండో పాదం 'కొలిచి నూలుదారఁ గుట్టవలయు' అని కొన్ని ఇళ్లలో వినబడుతుంది. అంటే గుండుసూదుల బదులు తెల్లని నూలుదారంతో ముక్కను దుప్పటికే పొడుగుకుట్లు వేసి, ఆరాక దారం లాగెయ్యడం. 'దారఁ' దగ్గర వ్యాకరణం కాస్త చిట్లింది, యతి మాత్రం నిలిచింది. తుప్పు బాధ బొత్తిగా లేదు గనుక నా ఓటు దీనికే.

తాత్పర్యం: స్పష్టం.

ఊలుకు తుప్పు మరక ఇప్పటికే పడి ఉంటే నిమ్మరసం అద్ది, కాసేపాగి చన్నీళ్లతో కడగాలి. ఊలు పులుపును ఓర్చుకుంటుంది. బట్టలసోడా గానీ బ్లీచింగ్ గానీ పెట్టరాదు. బ్లీచింగ్ ఊలునే కరిగిస్తుంది, మరకున్న చోట చిల్లు పడుతుంది.