భర్తగారికీ ఒక కుర్చీ వేయండి

ప్రభుత్వం వారు ఇకనైనా మొహమాటం మానుకుని 'సర్పంచ్ భర్త' పదవిని పంచాయతీరాజ్ చట్టంలోకి ఎక్కించాలి. గౌరవ వేతనం ఇవ్వాలి, ప్రమాణ స్వీకారం చేయించాలి. పాపం, ఏ హోదా లేకుండానే ఊరి భారమంతా మోస్తున్నాడు మనిషి!

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడోవంతు సీట్లు ఆడవాళ్ళకిమ్మంది. మన రెండు రాష్ట్రాలూ చెయ్యి చాచి సగం ఇచ్చేశాయి. రిజర్వేషన్ల జాబితా చూసి మగమహారాజుల ముఖాలు మాడిన మాట నిజమే కానీ, అది ఒక్క పూటే. సాయంత్రానికల్లా ఇంట్లోనే అభ్యర్థి దొరికింది. నామినేషన్‌కి ఆమె ఆధార్ కార్డు, ఫ్లెక్సీకి ఆమె ఫొటో ఉంటే చాలు. ఆ ఫ్లెక్సీలో ఆయన మీసం మెలేసి నిలువెత్తున నిలబడితే, పోటీ చేసిన మనిషి ఓ మూల రూపాయి బిళ్ళంత గుండ్రంలో ఇరుక్కుంటుంది.

గెలిచాక మండలాఫీసు నుంచి ఫోను.

"సర్పంచ్ గారేనాండీ?"

"ఆఁ, చెప్పండి," అంటుంది మగ గొంతు.

అవతలి గుమస్తా తడబడడు. రిజిస్టర్లో రాసుకున్న నంబరే అది. చెక్కు మీద సంతకం ఆమెది, చెక్కుబుక్కు ఆయన బీరువాలో. బిల్లులు ఆన్‌లైన్ అయ్యాక ఆమె పేరునిచ్చిన డిజిటల్ కీ ఆయన బండి తాళాల గుత్తికి వేలాడుతోంది. గ్రామసభలో నల్లా నీళ్ళ గురించి ఎవరైనా ఆమెనే సూటిగా అడిగితే పక్క కుర్చీ జవాబిస్తుంది. ఆమె నోరు తెరవబోతే, "నీకు తెలీదు, నువ్వూరుకో." ఆడవాళ్ళకు రాజకీయాలు చేతకావనడానికి తర్వాత ఇదే సాక్ష్యం.

మొగుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి లెక్కలడిగే గట్టిపిండాలూ ఉన్నారు, లేకపోలేదు. తెలంగాణ 2018 చట్టం వాళ్ళ గురించీ ఆలోచించింది, ఉపసర్పంచ్‌కి జాయింట్ చెక్ పవర్ ఇచ్చింది. సర్పంచ్ దళిత మహిళై, ఉపసర్పంచ్ ఊరి పెద్దింటి అబ్బాయైతే ఆ రెండో సంతకం కోసం ఎవరు ఎవరి గుమ్మం ముందు నిలబడాలో చట్టంలో రాయలేదు. రాయనక్కర్లేదు కూడా.

అసెంబ్లీలో ఈ బాధలేవీ లేవు. రిజర్వేషనే లేదు కాబట్టి భార్యల అవసరమూ లేదు. 2023లో తెలంగాణలో గెలిచిన 119 మందిలో ఆడవాళ్ళు 10 మంది. బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసిన ప్రభుత్వమే, 2014 నుంచి 2019 సెప్టెంబర్ దాకా ఒక్క మహిళా మంత్రి లేకుండా నెట్టుకొచ్చింది. పూలు పేర్చడానికి మాత్రం అందర్నీ పిలిచింది.

చట్టసభల్లోనూ ఆడవాళ్ళకు సీట్లు కేటాయించమంటూ 1996లో మొదటిసారి పార్లమెంటు మెట్లెక్కిన మహిళా రిజర్వేషన్ బిల్లు 2023లో చట్టమైంది. జనాభా లెక్కలు తేలి, నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలని అందులోనే ఓ మెలిక పెట్టారు. దేశంలో అసలు ఆడవాళ్ళున్నారో లేదో ముందు లెక్కపెట్టి చూసుకోవాలి కదా మరి!