అరిగేదే మెరుపు

కొత్త కారు కొన్నవాడు సీట్ల మీది ప్లాస్టిక్ కవరు ఏడాదైనా ఊడదీయడు గానీ, బానెట్ మీది కవరుని మాత్రం నెల తిరక్కుండానే గీకడం మొదలుపెడతాడు. బానెట్ మీద కవరేమిటంటారా? ఫ్యాక్టరీలో రేకుకి తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికంటే పైన రంగూ రుచీ లేని క్లియర్ కోట్ వేసి, కాల్చి పంపుతారు. షోరూమ్‌లో మన మొహం మనకి అందంగా కనబడింది ఆ ఆఖరి పొరలోనే. పొరలన్నీ కలిపితే సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే జిరాక్స్ కాగితం ఒకటో ఒకటిన్నరో. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. అరకాగితం! ఎండకి రంగు వెలవకుండా కాచే మందు కూడా ఆ అరకాగితంలోనే కలిసి ఉంటుంది. ఆదివారం పూట సీసా, స్పాంజీ పట్టుకుని పార్కింగ్‌లోకి దిగే భర్తల మీద నా అభ్యంతరమంతా ఈ అరకాగితం గురించే. కారు మీద వాళ్లకున్న ప్రేమే దాన్ని అరగదీస్తోంది.

పాలిష్ చేస్తున్నప్పుడు కారుకి ఏదో పట్టిస్తున్నామనిపిస్తుంది. సీసాలో ఉండేది నూనెలో కలిపిన మెత్తటి రాపిడి పొడి, చాలావాటిలో అల్యూమినియం ఆక్సైడ్. వరసకి గరుకు కాగితానికి చెల్లెలు. గీత కనబడకుండా పోయేది అది పూడినందువల్ల కాదు, చుట్టూ ఉన్న క్లియర్ కోట్ కూడా ఆ లోతుకి దిగినందువల్ల. రోడ్డు మీద గుంత పడితే దాన్ని పూడ్చకుండా, రోడ్డంతా గుంత లోతుకి చెక్కేసి ‘ఇప్పుడు చదునుగా లేదూ?’ అన్నట్టన్నమాట. మన మున్సిపాలిటీలకి ఈ ఉపాయం ఇంకా తట్టలేదు. పాలిష్‌తో ఒక దఫాకి ఒకటో రెండో మైక్రాన్లు పోతాయి, రబ్బింగ్ కాంపౌండ్ అయితే ఇంకా ఎక్కువే. కారు జీవితంలో రెండు మూడుసార్లంటే ఓర్చుకుంటుంది. ఉగాదికోసారి, దసరాకోసారి, పెళ్లిచూపులు ఉన్నాయని మరోసారి అంటే డోరు అంచులు ముందుగా చేతులెత్తేస్తాయి. ఎర్ర కారు తుడుస్తుంటే గుడ్డకి ఎరుపు అంటుకోగానే ‘మురికి ఎంత వదిలిందో చూడవే’ అని భార్యని పిలిచి చూపించే మహానుభావులున్నారు. క్లియర్ కోట్ ఉన్న కారులో ఆ వదిలింది మురికి కాదు, రంగు. అక్కడ కవరు చిరిగిపోయిందని అర్థం. కొన్ని సీసాలు అరగదీయవు, గీతల్లోకి నూనె నింపి కప్పేస్తాయి. రెండుసార్లు కడిగేసరికి గీతలన్నీ క్షేమంగా తిరిగొస్తాయి. నన్నడిగితే వీటి వల్లే నష్టం తక్కువ.

అసలు ఆ గీతలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? పొద్దున్నే ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్లోకి తొంగిచూసినా సమాధానం దొరుకుతుంది: ఒక బకెట్, ఒక గుడ్డ, వరసగా పది కార్లు. మొదటి కారు మీది ఇసుక రెండోదానికి, రెండోదానిది మూడోదానికి, అందరికీ సమానంగా పంపిణీ. అది చాలదన్నట్టు ఆఫీసుకి బయల్దేరే ముందు యజమాని పొడి గుడ్డతో తనవంతు సేవ చేసుకుంటాడు. రాత్రి వీధి లైటు కింద నిలబెడితే బల్బు చుట్టూ గుండ్రటి గీతలు వలయాలుగా మెరుస్తాయి. ‘గుండ్రంగా రుద్దొద్దని చెప్పానా!’ అని మర్నాడు ఆ తుడిచే కుర్రాడికి అక్షింతలు. వాడు తిన్నగా రుద్దినా అంతే. గీతలు అన్ని దిక్కులకీ ఉంటాయి; వాటిలో బల్బు వెలుగుకి అడ్డం తిరిగినవి మాత్రమే ఆ వెలుగుని మన కంటికి చేరవేస్తాయి కాబట్టి వలయంలా కనబడతాయి. కుర్రాడి నేరం గుండ్రంగా తుడవడం కాదు, దుమ్ము మీద తుడవడం. ఆ నేరంలో జీతమిచ్చేవాడికీ వాటా ఉంది.

‘ఇవన్నీ పాతకాలం గొడవలు, సిరామిక్ కోటింగ్ వేస్తే గీతలే పడవు, 9హెచ్ గట్టిదనం’ అంటారు. తొమ్మిది అనగానే ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ కొలబద్ద గుర్తొస్తుంది, దాని మీద 9 దగ్గర కెంపు, నీలం కూర్చుని ఉంటాయి. సీసా మీది 9హెచ్ ఆ కొలబద్దది కాదు, పెన్సిళ్లది. బడిపిల్లలు వాడే హెచ్‌బీ, డ్రాయింగ్ క్లాసులోని 2హెచ్, 4హెచ్‌ల వరసలో చివరెక్కడో ఉండేది ఈ 9హెచ్. ఆ ములికితో గీసినా గీత పడలేదని భావం. లారీ లేపే దుమ్ములోని క్వార్ట్జ్ ఇసుక మోస్ లెక్కలో 7. దాని ముందు పెన్సిల్ ఏ మూలకి? మీ కారుని పెన్సిల్‌తో గీసే పగవాడెవరైనా ఉంటే మాత్రం ఈ కోటింగ్ తప్పక వేయించండి. ఇంట్లో వేసుకోవడంలో ఇంకో చిక్కుంది. అడుగున గీతలుంటే శాశ్వతంగా కనబడతాయి గనక ముందు పాలిష్ చేయాలంటారు. నాలుగు మైక్రాన్లు చెక్కి, ఒకటో అరో మైక్రాన్ పూస్తామన్నమాట. పూసిన మందు నిమిషాల్లో బిగుసుకుంటుంది. ఈలోగా ఫోను మోగి, తుడవడం ఆలస్యమైతే మచ్చ కట్టేస్తుంది. ఆ మచ్చ పోవాలంటే? మళ్లీ పాలిష్.

టెఫ్లాన్ కోటింగ్ గురించి ఎక్కువ చెప్పను. ఆ పదార్థం కరగాలంటే 327 డిగ్రీల సెల్సియస్ కావాలి. దోసె పెనానికి దాన్ని అంటించేది కొలిమిలో పెట్టి. ఆ వేడి కారుకి తగిలితే ముందు రంగే ఉండదు.

సిరామిక్ మీద నీళ్లు బొట్లు బొట్లుగా నిలిచి జారిపోతాయన్న మాట నిజమే. అయితే జారిపోవాలి. ఎండలో నిలబెట్టి బోరు నీళ్లతో కడిగితే, జారని ప్రతి బొట్టూ ఉన్నచోటే ఎండి తన ఉప్పంతా ఒక తెల్లటి సున్నాగా వదిలి వెళ్తుంది.

కాకి రెట్టకీ మే నెల ఎండకీ ఏ రక్షణా వద్దా అని నిలదీయవచ్చు. కావాలి. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం కలిసిన వ్యాక్స్ పల్చగా రాస్తే క్లియర్ కోట్‌లో ఏమీ పోదు, నెలా రెండు నెలలు కాస్తుంది. రెట్టని మాత్రం ఏ పూతా ఎక్కువసేపు ఆపదు, తడిగుడ్డ కప్పి నానబెట్టి ఎత్తేయాల్సిందే. దుమ్ముని తుడవకుండా కడగాలంటే అన్ని నీళ్లెక్కడివన్నది అంతకంటే గట్టి అభ్యంతరం. 2024 మార్చిలో బెంగళూరులో తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయలు జరిమానా అన్నారు. మన ఊళ్లలోనూ వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూస్తూ కారుకి అభిషేకం చేయలేం. అప్పుడు చేయగలిగింది తుడవకుండా ఉండటమే. దుమ్ము దానంతటది రంగుని గీయదు, దాన్ని కదిలించే చేయి కావాలి. మాసిన కారుతో అత్తవారింటికి ఎలా వెళ్తామంటే, ఆ దుమ్ము మీద పిల్లలు వేలితో పేర్లు రాయకుండా చూసుకుని వెళ్లండి.

అమ్మేటప్పుడు మెరుపుకి ధర పలుకుతుందన్నది మిగిలిన వాదన. నిజమే. అందుకే ఆ మైక్రాన్లని ఆ రోజు కోసం దాచమనేది. ఇక దసరాకి వాహనపూజ ఎలాగూ తప్పదు. బానెట్ మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ దిద్దించుకోండి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించండి. మర్నాడు ఎండిన కుంకుమని పొడి గుడ్డతో గీకకుండా నీళ్లు పోసి కరిగించండి. కొబ్బరికాయ మాత్రం బంపర్‌కి కాస్త ఎడంగా కొట్టమని పంతులుగారికి ముందే చెప్పుకోండి.