పాడింది మీరే బాబూ, రాసింది మాత్రం మేము

అమెరికా డూవాప్ పాటల గురించి ఎవరు కలం పట్టినా ఒకటే శోకం. వీధి మూల పాడుకున్న పేద పిల్లలకు ఘోరమైన అన్యాయం జరిగిపోయిందట. సరే, జరిగింది. మరి రికార్డు కంపెనీల యజమానుల మాటేమిటి? సరిగమలకు ఆమడ దూరంలో ఉండి కూడా పాట వెంట పాటకు రచయితలైపోయిన ఆ మహానుభావులకు ఒక శాలువా లేదు, ఒక సన్మానపత్రం లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

ముందు పిల్లల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఎలాగూ వాళ్లకు దక్కిందీ అంతే. 1940ల చివరి నుంచి 1960ల మొదటి దాకా న్యూయార్క్, బాల్టిమోర్, ఫిలడెల్ఫియా, షికాగో, లాస్ ఏంజెలెస్ పేటల్లో నలుగురైదుగురు కుర్రాళ్లు ఒకచోట చేరితే చాలు, అదొక బృందం. ఎక్కువమంది నల్లజాతివాళ్లు. పోనుపోను పోర్టోరికో, ఇటలీ మూలాల పిల్లలూ కలిశారు. వాయిద్యాలు కొనే స్తోమత లేదు కనక గొంతులనే వాయిద్యాలు చేసుకున్నారు. బొంగురు గొంతువాడు అర్థంలేని అక్షరాలతో అడుగున తాళం నడిపిస్తాడు. ఇద్దరు వంత పాడతారు. ఒకడు పైస్థాయిలో సన్నగా తేలిపోతుంటాడు. నట్టనడుమ అసలు గాయకుడు ప్రేమలో భంగపడుతుంటాడు. సాధనకు స్కూలు బాత్‌రూము, అపార్ట్‌మెంటు మెట్ల కింద జాగా, సబ్‌వే దారులు. అక్కడి గోడలు ప్రతిధ్వనిని ఉచితంగా ఇచ్చేవి. ఆ మొత్తం వ్యవహారంలో వాళ్లకు ఉచితంగా ఏదైనా ఇచ్చింది ఆ గోడలే.

1948లో బాల్టిమోర్ కుర్రాళ్లు ఓరియోల్స్ 'ఇట్స్ టూ సూన్ టు నో'తో తలుపు తెరిచాక గుంపులు గుంపులుగా వచ్చి పడ్డారు. క్రోస్, లార్క్స్, స్వాలోస్, పెంగ్విన్స్, ఫ్లమింగోస్... పక్షులు అయిపోయాక కార్ల మీద పడ్డారు. కాడిలాక్స్, ఎల్ డొరాడోస్, ఇంపాలాస్. ఒహాయోలోని క్యాంప్‌బెల్ ఊరి కుర్రాళ్లు మొదట పెట్రోలు కంపెనీ పేరుతో ఎస్సోస్ అని పెట్టుకుని, ఫోర్డ్ కంపెనీ ఎడ్సెల్ కారును ఊదరగొడుతుంటే ఎడ్సెల్స్ అని మార్చుకున్నారు. వాళ్ల పాట పేరు 'రామా లామా డింగ్ డాంగ్'. అందులో మనకు రామనామం వినిపిస్తే తప్పు మన చెవులది. 1958లో కంపెనీవారు రికార్డు మీద పేరును తిరగేసి 'లామా రామా' అని అచ్చేశారు. 1959లో ఫోర్డ్ ఆ కారును చాలించుకుంది. కారు తుక్కులోకి పోయిన తర్వాత, 1961లో, పాట హిట్టయింది.

ఇక మన కథానాయకుల ప్రతిభ చూడండి. వాళ్లకు సంగీతం రాకపోవచ్చు గానీ చట్టం కంఠతా వచ్చు. 1909 నాటి అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం అమ్ముడైన ప్రతి రికార్డుకూ పాట హక్కుదారులకు అప్పట్లో 2 సెంట్లు దక్కాల్సి ఉండేది. ఒకసారి రికార్డయిన పాటను ఆ 2 సెంట్లు కట్టి ఎవరైనా మళ్లీ పాడుకోవచ్చు, పాడిన పిల్లల అనుమతి అక్కర్లేదు. పాడిన తీరుకు, గొంతుల అల్లికకు రక్షణ లేదు. రికార్డయిన శబ్దానికి ఆ దేశపు కేంద్ర చట్టంలో చోటు దొరికింది 1972 ఫిబ్రవరిలో. అప్పటికి ఈ పిల్లల్లో చాలామంది పాట మానేసి ఏదో ఒక పనిలో కుదురుకున్నారు. దీన్నిబట్టి తేలిందేమిటి? పాడేవాడు అమాయకుడు, రాసేవాడు తెలివైనవాడు, రాయకుండానే రాసినవాడు కంపెనీ యజమాని.

పాడినందుకు రాయల్టీ ఉండదా అంటే, కాగితం మీద భేషుగ్గా ఉంటుంది. అందులోంచి స్టూడియో అద్దె, వాయిద్యగాళ్ల కూలి, ముందుగా ఇచ్చిన చిల్లర తీసేశాక మిగిలితే పిల్లలదే. లెక్క రాసేది కంపెనీ గుమస్తా కనక ఏమీ మిగలదు. సొమ్మొకడిది సోకొకడిది అన్నవాడికి ఇంత పకడ్బందీ కాగితం వుంటుందని తోచి ఉండదు.

యజమానులే కాదు, రేడియో పెద్దలూ కవులయ్యారు. 1954లో మూన్‌గ్లోస్ బృందం పాడిన 'సిన్సియర్లీ' మీద గాయకుడు హార్వీ ఫుక్వా పేరు పక్కన ఇంకో పేరుంది, అలన్ ఫ్రీడ్. ఆయన డిస్క్ జాకీ. రేడియోలో పాట వేస్తేనే అది జనం చెవిన పడేది, ఆయన వేయాలంటే ఆయనకూ కవితావేశం రావాలి. 1955లో తెల్లజాతి అక్కచెల్లెళ్లు మెక్‌గ్వయర్ సిస్టర్స్ అదే పాట పాడి పది వారాలు దేశంలో నంబర్ వన్‌గా ఉన్నారు. మూన్‌గ్లోస్ గొంతులకు అందులో నయాపైసా లేదు. ఫ్రీడ్ గారి కలానికి మాత్రం ప్రతి రికార్డులో వాటా. 1962లో ఆయన లంచాల కేసులో నేరం ఒప్పుకుంటే కోర్టు 300 డాలర్ల జరిమానా వేసింది. నిజం చెప్పాలంటే ఆయన మూలంగానే లక్షలమంది తెల్ల పిల్లలు నల్లవాళ్ల పాటలు విన్నారు. ఆ పుణ్యానికి ఈ దక్షిణ ఎక్కువేమీ కాదనుకునేవాళ్లూ ఉన్నారు, ముఖ్యంగా దక్షిణ పుచ్చుకున్నవాళ్లలో.

బ్రాంక్స్ కుర్రాళ్లు కార్డ్స్ గతి ఇంకా ముచ్చటైనది. 1954లో 'ష్-బూమ్' పాడారు. కంపెనీ ఆ పాటకు రికార్డు రెండో వైపే గతి అనుకుంది, మొదటి వైపున ప్యాటీ పేజ్ పాటను పాడించింది. జనం రికార్డు తిప్పి విన్నారు. వింటున్నారని తెలియగానే కెనడా నుంచి వచ్చిన తెల్ల కుర్రాళ్లు క్రూ కట్స్ అదే పాటను ఇస్త్రీ చేసి పాడారు. తొమ్మిది వారాలు నంబర్ వన్. అసలు బృందానికి దక్కిన బహుమతి ఏమిటంటే, కార్డ్స్ అనే పేరు మాది అంటూ ఇంకో బృందం అడ్డుపడటం. పేరు మార్చుకుని కార్డ్‌క్యాట్స్ అయ్యారు, అదీ అచ్చిరాక ష్-బూమ్స్ అయ్యారు. పాట పోయింది, పేరు పోయింది. చివరికి పోయిన పాట పేరే తమ పేరుగా పెట్టుకు తిరగాల్సి వచ్చింది.

ఈ రంగంలో న్యాయం ఎక్కడైనా జరిగిందా అంటే జరిగింది. జైల్లో.

టెనెసీ రాష్ట్రం నాష్‌విల్ జైల్లో జానీ బ్రాగ్ అనే ఖైదీ ఉండేవాడు. అత్యాచారం కేసుల్లో ఒక్కొక్కటి 99 ఏళ్ల చొప్పున ఆరు శిక్షలు. అంటే ఆరు జన్మలకు సరిపడా గది రిజర్వయిపోయింది. మరో నలుగురితో కలిసి ప్రిజనేర్స్ అనే బృందం కట్టాడు. 1953 జూన్ 1న తుపాకుల కాపలాతో వాళ్లను మెంఫిస్‌లోని సన్ స్టూడియోకు తీసుకెళ్లారు. రోజంతా పాడించి మళ్లీ తెచ్చి లోపలేశారు. అలా పుట్టింది 'జస్ట్ వాకిన్ ఇన్ ద రెయిన్'. పాడినవాళ్లకు స్వేచ్ఛగా వానలో నడిచే యోగం ఎలాగూ లేదు. బ్రాగ్‌కు చదువు రాదు. పాట చెబుతుంటే రాబర్ట్ రైలీ అనే తోటి ఖైదీ కాగితం మీద పెట్టాడని, అందుకు ప్రతిఫలంగా సహరచయిత అయ్యాడని చెబుతారు. గమనించండి, రైలీ కనీసం పెన్ను పట్టుకున్నాడు! న్యూయార్క్ ఆఫీసుల్లో ఆ పాటి మర్యాద కూడా పాటించలేదు. 1956లో జానీ రే అదే పాటను పాడి దేశంలో రెండో స్థానానికి తీసుకెళ్తే రచయితలుగా ఆ ఇద్దరి పేర్లే ఉన్నాయి. వాళ్లు ఖైదీలు, వాళ్ల పేరు కొట్టేయడానికి జైలు గోడ దూకాలి. స్వేచ్ఛగా బయట తిరిగే పిల్లల పేరు కొట్టేయడానికి కలం ఒకటి చాలు.

ఇక రసికుల గురించి చెప్పకపోతే పాపం. యజమానులు వదిలేసిన ఎముకలను బంగారం చేసింది సేకర్తలే. న్యూయార్క్ క్వీన్స్‌లోని జమైకా పేట కుర్రాళ్లు ఫైవ్ షార్ప్స్ 1952లో జూబిలీ కంపెనీకి 'స్టార్మీ వెదర్' పాడారు. మొదట్లో ఉరుముల చప్పుడు, వాన చప్పుడు పెట్టారు. అంత వాన కురిసినా రికార్డు మొలకెత్తలేదు. పాట పోయింది, జనం మరిచిపోయారు. తొమ్మిదేళ్లకు టైమ్స్ స్క్వేర్ సబ్‌వేలో స్లిమ్ రోజ్ నడిపే రికార్డుల కొట్టుకు ఒక సేకర్త దాని ప్రతిని తెస్తే, ఆ ప్రతి కాస్తా కొట్లో పగిలిపోయింది. స్లిమ్ పెంచుకునే రకూన్ అనే జంతువు దానిమీద కూర్చుందని కథ. అంతే, పుట్టుకొచ్చింది మహాకావ్యం! కొనేవాడు లేనంతకాలం అది చెత్త, విరగ్గొట్టిన జంతువు దొరికాక అది అపురూపం. ఇంకో ప్రతి తెస్తే బహుమతి అన్నాడు కొట్టు యజమాని. కంపెనీ దగ్గర మూల టేపు లేదు. 1964లో జూబిలీ వారికి గొప్ప ఉపాయం తట్టింది: వేరే కుర్రాళ్లను పిలిచి, ఫైవ్ షార్ప్స్ అనే పేరే తగిలించి, అదే పాట మళ్లీ పాడించి అమ్మేశారు. అసలు 78 ఆర్‌పీఎం రికార్డు ప్రతులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే బయటపడ్డాయి, ఒక్కొక్కటి వేల డాలర్ల సరుకు. సేకర్త చేతికి తెల్లటి తొడుగు తొడిగి, దీపం కింద గీతలు చూసి, అరలో పెట్టి తాళం వేస్తాడు. వినడు. వింటే అరుగుతుంది కదా.

పాడినవాళ్లు ఏమయ్యారు? కొందరు పైకొచ్చారు. ఫైవ్ షార్ప్స్‌లోని క్లారెన్స్ బాసెట్ తర్వాత షెప్ అండ్ ద లైమ్‌లైట్స్‌లో చేరి 1961లో 'డాడీస్ హోమ్'తో రెండో స్థానం దాకా వెళ్లాడు. 1955లో 'స్పీడూ' పాడి కుర్రకారును ఊపేసిన కాడిలాక్స్ నాయకుడు ఎర్ల్ కారొల్ 1982 నుంచి మన్‌హటన్‌లో పీఎస్ 87 అనే బడిలో కస్టోడియన్‌గా పనిచేశాడు. తుడిచిన నేల మీద పిల్లలు జారిపడకుండా చూసుకున్నాడు. ఆయన మీద పిల్లల పుస్తకం కూడా వచ్చింది. ఆ పుస్తకం మీద మాత్రం ఏ రికార్డు కంపెనీ యజమానీ సహరచయితగా చేరలేదు, ఎవరూ గమనించి ఉండరు.

చివరగా సన్మానగ్రహీతల్లో అగ్రగణ్యుడి దగ్గరకొస్తాను. వాషింగ్టన్ హైట్స్‌లో ఎడ్వర్డ్ స్టిట్ జూనియర్ హైస్కూలు పిల్లలు ఐదుగురు, బృందం పేరు టీనేజర్స్. పాడిన ఫ్రాంకీ లైమన్‌కు 13 ఏళ్లు. 1956లో 'వై డు ఫూల్స్ ఫాల్ ఇన్ లవ్' అమెరికాలో ఆరో స్థానానికి, బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. కంపెనీ యజమాని జార్జ్ గోల్డ్‌నర్ పేరు రచయితగా లైమన్ పేరు పక్కన చేరింది. గోల్డ్‌నర్‌కు గుర్రప్పందేల వ్యసనం. అప్పుల్లో కూరుకుపోయి కంపెనీలను మోరిస్ లెవీకి అమ్ముకున్నాడు. తర్వాత పాట మీద గోల్డ్‌నర్ మాయమై లెవీ వెలిశాడు. గుర్రం ఓడితే కవి మారిపోవడం ప్రపంచ సాహిత్యంలో ఇంకెక్కడైనా ఉందేమో పరిశోధకులు తేల్చాలి. మీరు పాటలు ఎలా రాస్తారని విచారణలో లాయర్లు అడిగితే, నేను సంగీతకర్త షోపాన్‌లాగా రాస్తానని చెబితే మిమ్మల్ని తప్పుదోవ పట్టించినట్టవుతుందని లెవీ గారే సెలవిచ్చారు. ఇంత వినయం ఏ కవికుంది?

లైమన్ 1968లో 25 ఏళ్లకే హెరాయిన్‌కు బలయ్యాడు. 1981లో డయానా రాస్ ఆ పాటను మళ్లీ పాడి హిట్ చేయగానే అతని భార్యలమంటూ ముగ్గురు కోర్టుకెక్కారు. బతికున్నప్పుడు అంత ప్రేమ అతని పాటల్లోనే ఉండేది. 1987లో బృందంలోని హెర్మన్ శాంటియాగో, జిమ్మీ మర్చంట్ పాట రాసింది మేమంటూ దావా వేశారు. 1988లో లెవీ ఒక వ్యాపారిని బెదిరించి వసూళ్లకు కుట్ర చేసిన వేరే కేసులో దోషిగా తేలి పదేళ్ల శిక్ష పడి, జైలుకు వెళ్లకముందే 1990లో కన్నుమూశాడు. 1992లో జ్యూరీ ఆ ఇద్దరి మాటే నిజమంది. 1996లో అప్పీలు కోర్టు, మీరు రాశారో లేదో తర్వాత సంగతి, మూడేళ్లలోపు రాలేదు కనక మీ హక్కు చెల్లదంది. బెదిరింపులకు భయపడి ఆగామన్నా వినలేదు.

ఇవాళ్టికీ ఆ పాటకు చట్టప్రకారం రచయితలు ఇద్దరు: ఫ్రాంకీ లైమన్, మోరిస్ లెవీ.