గోడ మీద సవర

ఏజెన్సీ బడిలో సంస్కృతికి ఏ లోటూ లేదు. కావాలంటే ప్రహరీ గోడ చూడండి. ఎర్రమట్టి రంగు మీద తెల్లటి సన్నగీతల మనుషులు వరసకట్టి ఆడుతుంటారు, పక్కన ఏనుగు, చెట్టు, సూర్యుడు. అచ్చమైన సవర గిరిజనుల బొమ్మలు. పెద్దసార్లు ఎవరొచ్చినా ముందు అక్కడే ఫొటో. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి పిల్లల తలల్లో ఈకలు కూడా గుచ్చుతారు. ఊళ్లో తాతలెవరూ ఈకలు పెట్టుకుని తిరగ్గా ఆ పిల్లలు చూసి ఉండరు. అయినా సంస్కృతి సంస్కృతే కదా!

చిక్కల్లా గోడ దాటి లోపలికొస్తేనే. సవర గోడ మీద ఉండొచ్చు, నోట్లో ఉండకూడదు.

మూడో తరగతి. మాస్టారు బోర్డు మీద 93 వేసి ‘ఎంతరా ఇది?’ అన్నారు. పిల్లవాడు ఏదో గొణిగాడు. ‘ఏంట్రా ఆ గొణుగుడు, తెలుగులో ఏడు!’

వాడు గొణిగింది ఇదీ: నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. సవర లెక్క అలాగే నడుస్తుంది. పన్నెండు దాకా వేరువేరు పేర్లు. పైన పన్నెండొకటి, పన్నెండురెండు. ఇరవై దాటితే ఇరవైల కట్టలు. అంటే వాడు ఒక గుణకారం, రెండు కూడికలు ఒక్క ఊపిరిలో చేసేశాడు. మనం ‘తొంభై మూడు’ అనడానికి చేసే లెక్క ఏమీ లేదు, చిన్నప్పుడు బట్టీపట్టింది అప్పజెబుతాం. పారిస్‌లో పిల్లలు ఇదే అంకెను ‘నాలుగిరవైల పదమూడు’ అంటారు. అది ఫ్రెంచి. హైదరాబాదులో ఫీజు కట్టి మరీ నేర్చుకుంటాం. కొండ మీద అంటే గొణుగుడు.

రిజిస్టర్లో వాడి పేరుకెదురుగా ‘గణితంలో వెనుకబాటు’. వాణ్ణి ముందుకు తోయడానికి రెమిడియల్ క్లాసు. అందులోనూ అదే 93, కాకపోతే కాస్త గట్టిగా అరిచి చెబుతారు.

చట్టాల్లేక కాదు. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వాళ్ల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లకు ప్రయత్నించాలని 1956లోనే రాజ్యాంగంలో 350ఎ చేర్చారు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షనూ మాతృభాషే అంది, కాకపోతే ‘ఆచరణ సాధ్యమైనంత మేరకు’ అని తోక తగిలించింది. కుక్క ఎటు పోయిందో గానీ తోక మాత్రం ఇంకా ఊగుతూనే ఉంది. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో మూడో నంబరు జీవో ఇచ్చారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నూటికి నూరు కుదరదని కొట్టేసింది. నూరు కుదరదు, సరే. పిల్లల భాష తెలిసినవాళ్లు బడికొక్కరైనా ఉండాలన్న పట్టుదల ఎవరికుంది? ఉమ్మడి రాష్ట్రంలోనే ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తెచ్చారు. అది మంచి పని, వెక్కిరించను. వాటి బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందని మాత్రం అడుగుతాను.

ఆగస్టు 29 వస్తుంది. గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దండ. వాడుక భాష కోసం పోరాడిన మహనీయుణ్ణి హెడ్మాస్టారు నిండు గ్రాంథికంలో పొగుడుతారు. ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ తానే సవర నేర్చుకున్నారనీ, సవర పిల్లలకు సవరలోనే పుస్తకాలు రాసి సొంత డబ్బుతో బడులు పెట్టారనీ, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయనీ చెప్పడానికి టైము చాలదు. చాక్లెట్లు పంచాలి కదా.

లెక్కపెట్టే పని ఆ మూడో తరగతివాడి మీద పడింది. కవరు ఒళ్లో పెట్టుకుని, గొణుక్కుంటూ ఒక్కొక్కటే పక్కన పెట్టాడు. పిల్లల వరస వైపు ఓసారి చూశాడు.

‘ఒకటి తక్కువుంది సార్.’

నిజంగానే ఒకటి తక్కువుంది.