లోకో బాబాయి

తార్నాక వైపు అపార్ట్‌మెంట్లలో వెతికితే ఒక లోకో బాబాయి దొరక్కపోడు. రిటైరైన బ్యాంకు ఆఫీసరు. రైల్వేలో ఒక్కరోజు పనిచేసిన పాపాన పోలేదు. అయినా కొడుకు అమెరికా విమానం ఎక్కిన వారానికే వాడి గది దక్షిణ మధ్య రైల్వేలో కలిసిపోయింది.

మంచం పోయి బల్ల వచ్చింది. బల్ల మీద పట్టాలు, పట్టాల మీద వ్యాప్-7 కరెంటు ఇంజను. అసలుదానికి 87వ వంతు, అంటే జానెడు పొడవు. దాన్ని బొమ్మ అన్నారో, మీ పని అయిపోయిందే. "బొమ్మకి లాలాగూడ షెడ్ పేరు రాస్తార్రా?" అని భూతద్దం చేతికిస్తాడు. చూస్తే నిజంగానే రాసుంటుంది. ఒప్పుకునేదాకా భూతద్దం వెనక్కి తీసుకోడు.

బల్ల చుట్టూ స్తంభాలు పాతి, సన్నటి రాగితీగ లాగాడు. మొన్న పక్కింటి కుర్రాడొచ్చి అడిగాడు: "కరెంటు ఈ తీగలోంచేనా బాబాయ్?"

"అసలు రైలుకి అంతే. 25,000 వోల్టులు, పైనుంచి!"

"మరి దీనికో?"

"పన్నెండు." గొంతు తగ్గింది. "పట్టాల్లోంచి."

"అయితే తీగలెందుకూ?"

పెళ్లికి బాసికం ఎందుకని అడిగినవాణ్ణి చూసినట్టు చూశాడు బాబాయి. ఇంజను నెత్తిన తీగను అందుకునే పాంటోగ్రాఫు వేలికొసతో పైకెత్తి తీగకు ఆనించకుండా బండి కదలనివ్వడాయన. దింపేసి నడిపినా శుభ్రంగా పరుగెడుతుందన్న సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు.

ఆయనకో లోపలి బాధ కూడా ఉంది. వ్యాప్‌లో మొదటి అక్షరం డబ్ల్యూ అంటేనే బ్రాడ్‌గేజ్. మన పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19 పైచిలుకు రావాలి. బజార్లో ఈ స్కేలుకు దొరికే హెచ్‌వో పట్టాలు 16.5 మాత్రమే, అది విదేశాల్లోని స్టాండర్డ్ గేజ్ లెక్క. ఆ మూడు మిల్లీమీటర్ల లోపు తేడా ఎవరి కంటా పడదు, బాబాయికి మాత్రం నిద్ర పట్టనివ్వదు.

తక్కిన లెక్కల్లో మహా ఉదారుడు. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు 132 కిలోమీటర్లు. స్కేలు ప్రకారం వేస్తే ఒకటిన్నర కిలోమీటరు పట్టాలు కావాలి, గది చూస్తే పన్నెండడుగులు. అందుకని రెండు ఊళ్లకీ ఒకటే స్టేషను. బండి వెళ్లేటప్పుడు సికింద్రాబాద్, ఒక చుట్టు తిరిగొచ్చేలోగా బోర్డు తిప్పేస్తే కాజీపేట.

ఇక దుమ్ము. చక్రాలకు మురికి పడితే కరెంటు అందదు, బండి నడిమధ్యలో నిలబడిపోతుంది. అందుకని మే నెలలో కూడా ఆ గదిలో ఫ్యానుండదు. సాయంత్రమంతా ఇయర్‌బడ్ స్పిరిట్‌లో ముంచి చక్రాలు తుడుస్తుంటాడు. ఆ శ్రద్ధలో పావువంతు గ్యాస్ స్టవ్ మీద పెడితే చాలని పిన్ని ఎప్పట్నుంచో అంటోంది. ఇంత తుడిచినా బండి ఆగుతుంది. ఆగితే బాబాయి చిన్నబోతాడనుకునేరు! "సిగ్నల్ ఇవ్వలేదు. రాజధానికి దారిస్తున్నారు" అని ప్రకటిస్తాడు. ఆ గదిలో రాజధాని లేదు. ఉన్నది ఈ ఒక్క బండే.

నిజం రైలెక్కేటప్పుడు సామాను సంగతి పిన్నిదే. బాబాయి ఇంజను నంబరు చూడ్డానికి ప్లాట్‌ఫారం కొసకు పోయుంటాడు. తగిలింది వ్యాప్-7 అయితే ప్రయాణం సఫలమైనట్టే, వెళ్లేది పెళ్లికైనా పరామర్శకైనా.

ఈయన పిలిస్తే మొహమాటపడకుండా వెళ్లండి. మంచి మనిషి, కాఫీ కూడా ఇప్పిస్తాడు. ఇంజను ఖరీదు మాత్రం పిన్ని ఎదుట అడక్కండి. ఆవిడకు చెప్పిన రేటు వేరు.