నెల రోజులు క్రైస్తవ పుస్తకాలు చదివినా మారకుండా ఉండటం ఎలా?

ముందు పుస్తకాలు కొనాలి. ఉజ్జీవ సభల పందిట్లో, చెప్పులు విడిచే చోటుకు దగ్గర్లో పుస్తకాల బల్ల ఉంటుంది. సన్న పుస్తకాల జోలికి పోకండి, పొరపాటున చదివేస్తారు. జాషువా 'క్రీస్తు చరిత్ర' దొరికితే మాత్రం వదలకండి. 1964లో సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చుకున్న కావ్యం, ముందుగదిలో ఎదురుగా పెట్టుకోవచ్చు. పైగా పద్యాలు. ఎంతవరకు వచ్చారని ఏ చుట్టమూ నిలదీయడు.

రోజువారీ ధ్యానానికి 'ఎడారిలో సెలయేర్లు' ఉండనే ఉంది. భర్త మంచాన పడ్డ ఏళ్లలో తనను నిలబెట్టిన మాటలను మిసెస్ కౌమన్ ఏరి కూర్చి, 1925లో అచ్చు వేయించిన పుస్తకం. రోజుకో పేజీ. ఆ పేజీని ఫొటో తీసి ముందు కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టండి. పిన్నిగారు చేతులు జోడించిన బొమ్మ పంపారంటే ఆ రోజు ధ్యానం అయిపోయినట్టే. తప్పిపోయిన పేజీలు శనివారం రాత్రి కరెంటు బిల్లు బకాయిలా ఒక్కసారే కట్టేయవచ్చు.

అగస్టీను 'ఒప్పుకోలు'తో కొంచెం జాగ్రత్త. పదహారేళ్ల వయసులో స్నేహితులతో కలిసి పొరుగువాళ్ల చెట్టు పియర్ కాయలు దొంగిలించాడు. ఆకలై కాదు, చాలామటుకు పందులకే వేశారు. ఎందుకు చేశానా అని మధ్యవయసులో కూర్చుని పేజీలకు పేజీలు తవ్వుకుంటాడు. అక్కడ ఆగకండి. "కాయలకే ఇంత రాద్ధాంతమా!" అనుకుని పేజీ తిప్పండి. నచ్చిన వాక్యం కింద గీత గీయాలనిపిస్తే ఆఫీసు నుంచి తెచ్చుకున్న పెన్ను ఎలాగూ జేబులో ఉంటుంది.

ఇక బన్యన్. బోధించవద్దన్నా మానని నేరానికి పన్నెండేళ్లు బెడ్‌ఫర్డ్ జైల్లో ఉన్న మనిషి. 1678లో వచ్చిన 'యాత్రికుని ప్రయాణము'లో ఒక వాగుడుకాయ ఎదురవుతాడు. భక్తి విషయం ఏదైనా అనర్గళంగా మాట్లాడతాడు. వాడి ఇంట్లో మాత్రం భక్తి జాడ ఉండదు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి, మీ సంఘంలో ఈ పాత్ర ఎవరిదో తేల్చండి. సంఘపెద్దగారా, యూత్ లీడరా? ఆదివారం ఆరాధనయ్యాక టీ కప్పు పట్టుకుని నలుగురిని పోగేసి వాగుడుకాయ లక్షణాల మీద అరగంట మాట్లాడండి. ఇంటి నుంచి ఫోన్ వస్తే కట్ చేయండి, ఆత్మీయ సంభాషణ మధ్యలో ఆపకూడదు. (బన్యన్ ఆ పాత్రను ఎవరిని చూసి రాశాడోగానీ, మూడున్నర శతాబ్దాలుగా చదివిన ప్రతివాడికీ అది పక్కవాడే.)

లూయిస్ 'స్క్రూటేప్' పెద్ద దయ్యం చిన్న దయ్యానికి రాసే ఉత్తరాలు. సరిగ్గా 31, నెలకు సరిపోతాయి. గుడిలో పక్కవాడి అపశ్రుతి మీదికి మనసు మళ్లించమన్న సలహా అందులో ఉంది. అది మీకు ముందే వచ్చు కాబట్టి ఆ ఉత్తరం దాటేయవచ్చు.

బాన్‌హాఫర్ 1937లో వచ్చిన తన పుస్తకంలో చవకైన కృప మీద విరుచుకుపడ్డాడు. హిట్లర్‌కు ఎదురు నిలిచి 1945 ఏప్రిల్ 9న ఉరికంబం ఎక్కాడు. ఆ పుస్తకానికి డిస్కౌంట్ ఎంతో కనుక్కోండి.

నెలాఖరు గృహకూడికలో సాక్ష్యం చెప్పాలి. "ఈ నెల దేవుడు నాతో చాలా మాట్లాడాడు" అంటే చాలు. ఏమన్నాడని ఎవరైనా అడిగేలోపు కీర్తన ఎత్తుకోండి. పల్లవి వస్తే సరిపోతుంది, చరణాలు మిగతావాళ్లు చూసుకుంటారు.